మేరీ లయన్ విద్యాలయమున ఆచారములు: ఒక సంవాదము

ఈ సంవాదము నడపిన స్త్రీలిరువురును ఒకే యింటివారు. వదినగారు మదరాసులోని విమెన్స్ క్రిస్టియన్ కళాశాలలో పట్టము పుచ్చుకొని, ఆ కళాశాలకు 1920 నుండి సోదరీసంస్థగా నున్న అమెరికాదేశపు మౌంట్ హోల్యోక్ కళాశాలకు వెళ్లి, అచ్చట మరికొంతకాలము చదివి వచ్చినవారు. మరదలుగారు గోదావరీతీరమున నొక పట్టణములో దాతల చందాలతో నడచుచున్న బాలికోన్నత పాఠశాలలో చరిత్ర బోధించుచు, ఆ పాఠశాల కార్యనిర్వాహకసంఘమున సభ్యురాలుగా నున్నవారు. పాఠశాలకు ఏబది యేండ్లు నిండవచ్చుచున్నందున, దానికి కొన్ని స్థిరమైన ఆచారము లేర్పరుపవలెనని సంఘమువారు తీర్మానించి, ముసాయిదా వ్రాయు భారమును మరదలుగారిపై నుంచిరి. ఆమెకు ఆ పని యిష్టము లేదు. వదినగారికి మిక్కిలి యిష్టము. వారిరువురు మాటాడుకొనిన మాటలను ఇచ్చట వ్రాయుచున్నాను. నా మనస్సు ఎవరి వైపునకు మొగ్గినదో చదువరులకు తెలియకపోదు. దానిని దాచుటకు నేను యత్నింపలేదు.

మరదలు: వదినగారూ, సంఘమువారు పంపిన జాబితా చూచితిరా? వార్షికోత్సవమునాడు బాలికలందరు నీలపుటంచు తెల్లచీర కట్టవలెను. పై తరగతివారు వెండిబిళ్ల పెట్టుకొనవలెను. స్థాపకుని పటము ముందు దీపము పట్టుకొని ప్రతిజ్ఞ చేయవలెను. పాఠశాలను నాలుగు దళములుగా విభజించి నాలుగు రంగులీయవలెను. వెండిబిళ్ల కొనలేని బాలిక యేమి చేయవలెనో మాత్రమెవరును వ్రాయలేదు. ఇంటిలోని ఆచారముల నడుమ త్రోవ చేసికొని, తాతను ఒప్పించి, తండ్రిని బ్రతిమాలి, బడికి వచ్చిన ఆడపిల్లకు బడిలో మరియొక ఆచారమును తగిలించుట న్యాయమని నాకు తోచుట లేదు. ఆచారము మగపిల్లల పాఠశాలకు అలంకారము కావచ్చును. ఆడపిల్లల పాఠశాలకు అది కంచె.

వదిన: వెండిబిళ్ల విషయమున నీతో నాకు వివాదము లేదమ్మాయీ. కాని ఆచారమనినంతనే కంచె యనుట తొందరపాటు. నేను చదివినచోట శరత్కాలమున నొకనాటి యుదయము, అది ఏనాడో అధ్యక్షురాలికి దప్ప ముందుగా నెవ్వరికిని తెలియదు, ఏడుగంటలకు గంటలు మ్రోగును. ఆ మ్రోత విననంతవరకే పాఠములు, పరీక్షలు. విన్న పిమ్మట ఆనాటి తరగతులన్నియు రద్దు. విద్యార్థినులును పంతులమ్మలును కలిసి బయలుదేరి, విద్యాలయమునకు తన పేరిచ్చిన ఆ కొండ యెక్కుదురు. దానిని పర్వతదినమందురు. అది 1838లో, అనగా పాఠశాల తలుపులు తెరచిన మరుసటి యేటనే, మొదలైనది. చదువు స్త్రీదేహమునకు చేటు చేయునని, మెదడునకు పని పెట్టిన బాలిక ఆరోగ్యము చెడునని 1873లో బోస్టన్ నగరపు వైద్యుడు ఎడ్వర్డ్ క్లార్క్ గ్రంథమే వ్రాసెను. దానిని పండితులు సైతము విశ్వసించిరి. ఆ గ్రంథము వెలువడునాటికి ఆ విద్యాలయమున్న సౌత్ హాడ్లీలోని బాలికలు ముప్పదియైదేండ్లుగా రసాయనశాస్త్రము చదువుచునే యుండిరి, కొండ యెక్కుచునే యుండిరి. ఇట్టి దానిని కంచె యందువా?

మరదలు: కొండ యెక్కుట నాకును సమ్మతమే. ఆ గంట యేటికొకనాడు కొండకు పిలిచెను సరే. తక్కిన దినములందు అది దేనికి పిలిచెనో అదియు చెప్పవలెను గదా. కవయిత్రి ఎమిలీ డికిన్‌సన్ 1847-48లో అచ్చట చదివినది. ఆమె స్నేహితురాలికి వ్రాసిన జాబులో దినచర్య యంతయు గలదు. ఆరింటికి లేచుట, ఏడింటికి ఫలాహారము, ఎనిమిదింటికి చదువు, తొమ్మిదింటికి ప్రార్థన, ఆపై పాఠములు, వ్యాయామము, సంగీతము. సాయంకాలము నాలుగు గంటలు కావచ్చుచుండగా బాలికలందరు జట్లుజట్లుగా కూడి, ఎవరి తప్పులను వారే లేచి చెప్పుకొనుట. నేను ఆలస్యముగా వచ్చితిని. మౌనముగా చదువవలసిన వేళ మాటాడితిని. గదిలోనికి మనిషిని రానిచ్చితిని. ఫిర్యాదు చేయువారు లేకయే తనపై తాను నేరము మోపుకొను నలవాటును పదునేడేండ్ల పిల్లకు చేయించుట విద్యయందురా? మన యిండ్లలో ఆడపిల్ల, నోట మాట వచ్చినది మొదలుకొని, తప్పు తనదే యని యనుకొనుట నేర్చుకొనుచునే యున్నది. ఆ పాఠమునకు వేరుగా బడి యక్కఱలేదు.

వదిన: నీవు చెప్పిన వాస్తవము సరియైనదే. కాని అదే యాచారమును రెండవవైపునుండి చూడుము. అచ్చట తలుపుసందుల నుండి తొంగిచూచు కాపలామనిషి లేదు. ఒకరిపై నొకరు చాడీలు చెప్పు పద్ధతి లేదు. బాలిక నోటిమాటయే సాక్ష్యము. వివాహితయైన స్త్రీ తన పేర ఆస్తి యుంచుకొనుటకుగాని, తానై దావా వేయుటకుగాని శాసనము సమ్మతింపని కాలమది. అట్టి కాలమున, నీ మాటను మేము నమ్ముదుము, నీవు చెప్పినదే పుస్తకమున వ్రాయుదుమని చెప్పిన చోటు ఆ దేశమున మరియొకటి యెక్కడ నుండెను?

మరదలు: నమ్మినవారు ఆ నమ్మకమును దేనికి వినియోగించిరో చూడవలెను. అదే సంవత్సరమున ఆ బాలికలను మూడు తెగలుగా విభజించిరి: క్రీస్తునందు విశ్వాసమును ప్రకటించినవారు, ఆశ గలవారు, ఆశ లేనివారు. డికిన్‌సన్ మూడవ తెగలో మిగిలినది. తన యంతరాత్మను గూర్చి సత్యము చెప్పినందుకు ఆమెకు లభించిన పేరు అది. సత్యము చెప్పుమని నేర్పి, సత్యము చెప్పినవారిని ఆశలేని వరుసలో నిలుపుట నమ్మకమా? ఆమె ఒక్క సంవత్సరము మాత్రమే చదివి వెడలిపోయెను. ఆ పోకకు కారణములు పెక్కులు చెప్పుదురు. ఆరోగ్యమందురు, ఇంటిపై బెంగయందురు. కారణమేదైనను, ఆ వరుసలో నిలిచిన బాలిక మనస్సును నేను మరువజాలను.

వదిన: దానిని నేను సమర్థింపను. పిల్ల మనస్సులోని దైవమును లెక్కపుస్తకమున కెక్కించుట ఎవరికిని తగదు. ఆ విద్యాలయమును స్థాపించిన మేరీ లయన్ దృఢమైన భక్తురాలు. తన శిష్యురాండ్రు పర్షియా మొదలగు దూరదేశములకు మతప్రచారమునకై వెళ్లవలెనని కోరినది. ఆ యుత్సాహములో ఆమె చేసిన యన్యాయమది. ఆ వర్గీకరణము కాలక్రమమున పోయినది, పోవుటయే మంచిది. కాని ఆమె నెలకొల్పిన ఆచారములలో ముఖ్యమైనదానిని నీవింకను తాకలేదు. దానిని చెప్పవలెనన్నచో ఆమె కథ కొంత చెప్పవలెను.

ఇచ్చట వదినగారి కంఠస్వరము మారినది. అంతవరకు తన విద్యాలయమును కాపాడుకొనుచున్నట్లుండిన ఆమె, ఇప్పుడు చెప్పవలెనను కోరికతో చెప్పనారంభించిరి.

వదిన: మేరీ లయన్ 1797లో మాసచూసెట్స్ రాష్ట్రమున బక్లాండు గ్రామపు కొండపొలములో పుట్టినది. ఐదేండ్లకే తండ్రి గతించెను. పదుమూడవ యేట తల్లి పునర్వివాహము చేసికొని వేరొక యూరికి వెళ్లగా, ఈమె అన్న యింట సంసారము చక్కబెట్టుచు వారమునకు 1 డాలరు కూలి పుచ్చుకొనెను. పదునేడవ యేట పంతులమ్మయైనది. జీతము వారమునకు 75 సెంట్లు, భోజనము ఒక్కొక్క విద్యార్థి యింట కొన్నాళ్లు చొప్పున. పైచదువునకు వెళ్లినప్పుడు బసకు సొమ్ము చాలక, తన చేత నేసిన దుప్పట్ల నిచ్చి ఋణము తీర్చుకొనెను. ఇంత కష్టపడి చదివిన పిమ్మట ఇప్స్విచ్ పట్టణమున మంచి పేరు గల బాలికావిద్యాలయములో ఉపాధ్యాయినిగా చేరి చూడగా, ఆ తరగతులలో తనవంటి రైతుబిడ్డలు లేరు. తాను చెప్పు చదువును తానే కొనలేని దానినని ఆమెకు స్పష్టమయ్యెను. 1834లో ఆ కొలువు విడిచి, ఆకుపచ్చ మఖమలు సంచి చేతబట్టుకొని, ఊరూర తిరిగి చందాలు పోగుచేయనారంభించెను. స్త్రీ యొంటరిగా బండ్లలో తిరిగి యాచించుట మర్యాద కాదని స్నేహితులే వారించిరి. తొలి వేయి డాలర్లు ఇప్స్విచ్ స్త్రీలే యిచ్చిరి. 6 సెంట్లిచ్చినవారును గలరు. 1837 నవంబరు 8వ తేదీన 80 మంది బాలికలతో పాఠశాల తెరచిరి. రుసుము, బసయు భోజనమును గలుపుకొని, సంవత్సరమునకు 60 డాలర్లు. ఇప్స్విచ్ వంటి చోట్ల పుచ్చుకొనుదానిలో అది మూడవవంతు మాత్రమే.

మరదలు: మూడవవంతుతో ఎట్లు నడపిరి?

వదిన: అదియే నేను చెప్పదలచిన ఆచారము. ఆ భవనమున వంటవారు లేరు, అంట్లు తోమువారు లేరు. ప్రతి బాలికయు దినమునకు సుమారొక గంట పని చేయవలెను. రొట్టెలు కాల్చువారొక జట్టు, బల్లలు సర్దువారొక జట్టు, ఊడ్చువారొక జట్టు. నీవు చెప్పిన డికిన్‌సన్, న్యాయవాది కూతురు, ఆమ్హర్స్ట్ పట్టణమున పెద్దింటి పిల్ల. ఆమె వంతునకు వచ్చిన పని భోజనపు బల్లలపైనుండి కత్తులను తీసికొనిపోవుట, రాత్రివేళ వానిని కడిగి తుడుచుట. పేదరైతు కూతురు చేయు పనియే ఆమెయు చేసినది. మేరీ లయన్ తన జీతమును సంవత్సరమునకు 200 డాలర్లకు మించనీయలేదు. ఆ పాఠశాలకు ప్రాణమిదియే. తక్కినవన్నియు తరువాత వచ్చినవి.

మరదలు: వదినగారూ, ఇచ్చట మీరు నన్ను ఒప్పింపగలరని నాకు తోచదు. అమెరికాలోని న్యాయవాది కూతురు కత్తి తుడిచినచో అది సమత్వము కావచ్చును. మన బాలిక తెల్లవారుజామున లేచి, ఇంటి ముంగిట కళ్లాపి చల్లి, అంట్లు తోమి, నీరు తోడి, తమ్మునికి అన్నము పెట్టి బడికి వచ్చుచున్నది. అదే యింట అన్న లేచి, ముఖము కడిగికొని, పుస్తకము పట్టుకొని కూర్చుండును. ఆమె చదువునకు కొరతపడినది కాలము. ఆ కాలమును బడి కూడ తీసికొనవలెనా? పైగా స్త్రీవిద్యను వ్యతిరేకించినవారందరు మన దేశమున చెప్పినదదియే గదా: చదువుకొనుడు, కాని వంట మరువకుడు, పాఠము చెప్పుడు, కాని కుట్టుపనితో ముగింపుడు. కుట్టు, అల్లిక, వంట అను మూడింటిని బాలికావిద్య పేరిట ఎన్నాళ్లు నడపిరో మీకు తెలియనిది కాదు.

వదిన: నీ వాదము న్యాయమైనది. మేరీ లయన్ కూడ దానితో నేకీభవించియుండును. ఇది ఆమెను గూర్చి పలువురు పొరబడు విషయము. ఆ పని గృహకృత్యశిక్షణ కాదని, ఇల్లు దిద్దుకొనుట నేర్పుట తల్లి పనియే గాని పాఠశాల పని కాదని ఆమె బహిరంగముగా ప్రకటించినది. వంట వచ్చిన కోడలిని తయారు చేయుటకై ఆమె ఆ జట్లను పెట్టలేదు; పనివాండ్ర జీతమును రుసుమునుండి తీసివేయుటకును, పాఠశాల తన కాళ్లపై తాను నిలుచుటకును పెట్టినది. పనికి వెల గలదు; ఆ వెల విద్యార్థిని ఖాతాకు జమయైనది. నీవు చెప్పిన యింటి చాకిరికి వెల కట్టినవారెవరు? భేదము అచ్చట గలదు.

మరదలు: (కొంతసేపాలోచించి) వెల కట్టుట పెద్ద విషయమే. దానిని నేను కాదనను.

వదిన: మరియొకటి. మన వసతిగృహమున వంట చేయునామె యే కులమామె? అంట్లు తోమునామె యే కులమామె? తోమిన గిన్నెలను ఆమె గడపయొద్ద పెట్టిపోవునా, లోనికి తెచ్చి సర్దునా? ఈ ప్రశ్నకు సమాధానము నీకును తెలియును, నాకును తెలియును, సంఘమువారికిని తెలియును. ఎవరును వ్రాతమూలకముగా నుంచలేదు. ఇదియు ఆచారమే. దీనికి తీర్మానమక్కఱలేకపోయినది. నీలపుటంచు చీరను గూర్చి రెండు సమావేశములు జరిపినవారు ఈ గడపను గూర్చి యొక్క మాట యనలేదు. షావుకారు కూతురును, కూలివాని కూతురును ఒకే బానయొద్ద నిలిచి ఒకరు కడిగినదానిని మరియొకరు తుడిచినచో ఆ గడప యేమగునో యోచింపుము.

మరదలు చాలసేపు మాటాడలేదు. ఈ ప్రశ్నతో నామె పక్షము కొంత బలహీనపడినదని నాకు తోచినది గాని, తరువాత ఆమె యెత్తిన యంశము వదినగారి పక్షమునే కుదిపివేసెను.

మరదలు: ఆ యాచారము నేడు మౌంట్ హోల్యోక్‌లో గలదా?

వదిన: లేదు. 1896 సెప్టెంబరులో అగ్నిప్రమాదమున పాత భవనమంతయు దగ్ధమయ్యెను. ప్రాణనష్టము లేదు గాని, అందరు నొకే కప్పుక్రింద నివసించి, ఒకే వంటశాలలో పని చేసిన ఆ యేర్పాటు తిరిగి రాలేదు. పిమ్మట 1901లో మేరీ వూలీ అధ్యక్షురాలైనది. ఆమె కాలమున ఇంటిపని పద్ధతి తీసివేయబడెను. కొందరినే చేర్చుకొని తక్కినవారిని వెలుపల నిలుపు రహస్యసంఘములను కూడ ఆమెయే మూయించెను. పురుషుల కళాశాలలకు ఏ విషయమునను తీసిపోని చదువు చెప్పవలెనని ఆమె పట్టుదల. ఒక గంట కత్తులు కడుగుటకంటె ప్రయోగశాలలో గడపుట మేలని యామె యనుకొన్నచో తప్పు పట్టజాలము.

మరదలు: నేనును తప్పు పట్టను. రహస్యసంఘములను మూయించిన స్త్రీని గౌరవింతును. కాని చూడుడు, పోయినదేది, నిలిచినదేది? రుసుమును మూడవవంతునకు దించిన ఆచారము పోయినది. స్థాపనదినమున తెల్లవారుజామున మేరీ లయన్ సమాధియొద్ద ఐస్‌క్రీము పంచు ఆచారము నిలిచినది. పట్టప్రదానమునకు ముందు తెల్లని దుస్తులు ధరించి, లారెల్ ఆకుల దండను భుజములపై మోసికొనిపోయి ఆ సమాధి చుట్టునున్న ఇనుపకంచెకు చుట్టు ఆచారము నిలిచినది. ప్రతి తరగతికి నొక రంగు, ఒక జంతువు నిలిచినవి. ఖర్చు లేనివి, ఎవరికిని బాధ కలిగింపనివి నిలిచినవి. పాఠశాల యెవరికొఱకు పుట్టినదో గుర్తు చేయు ఆచారమొక్కటి పోయినది. ఈనాడు ఆ కళాశాలలో చదువుటకయ్యెడు వ్యయము సామాన్యరైతు భరింపగలదా? విద్యార్థివేతనములు గలవని మీరందురు, గలవు. అయినను దుప్పటి నేసి ఋణము తీర్చిన బాలిక నేడు దరఖాస్తు పెట్టుకొని యొకరి దయకై వేచియుండవలెను. నాడామె తన గంట పనితో తన చోటు తానే సంపాదించుకొనగలిగెను.

వదిన: దరఖాస్తు పెట్టుకొన్నవారిలో నేనొకతెను. నీవు చెప్పినది నాకు క్రొత్త కాదు. అయినను ఆ తెల్లని దుస్తులను అంత తేలికగా తీసివేయకుము. ఆ వరుసలో ఈ యేటి పట్టభద్రురాలు మాత్రమే నడవదు. ఏబది యేండ్ల క్రిందట చదివిన ముసలమ్మ కఱ్ఱ పట్టుకొని ముందు నడచును. ఆమె వెనుక ఆమె తరువాతివారు. అందరి వెనుక నేటి పిల్లలు. తెల్లని దుస్తులు వోటుహక్కుకై పోరాడిన స్త్రీల జ్ఞాపకార్థమని చెప్పుకొందురు. నేనా వరుసలో నడచినప్పుడు నా ప్రక్కనున్న వృద్ధురాలు, నేనే దేశమునుండి వచ్చితినని యడుగలేదు. ఏ శాస్త్రము చదివితివి, ఇంటికి వెళ్లి యేమి చేయుదువని యడిగినది. మన దేశమున పెక్కుమంది స్త్రీలు తమ తల్లి చదివిన బడిని చూపలేరు. అమ్మమ్మకు బడియే లేదు. వెనుకకు తిరిగి చూచినచో చదువుకొన్న స్త్రీల వరుస కనబడుట యెంత బలమో, ఆ వరుస లేని యింట పుట్టిన నీకును నాకును తెలియవలెను.

మరదలు: తెలియును. అందుకే అడుగుచున్నాను: ఆ వరుస అవసరము వచ్చినప్పుడు ఏమి చేయగలిగెను? 1837 నుండి నూఱేండ్లు ఆ విద్యాలయమునకు స్త్రీలే పెద్దలుగా నుండిరి. అన్నిటికంటె గొప్ప ఆచారము అదియే గదా. మేరీ వూలీ ముప్పదియారేండ్లు సేవ చేసి విరమించునప్పుడు, ధర్మకర్తలు రాస్‌వెల్ హామ్ అను పురుషుని ఆ పీఠమున గూర్చుండబెట్టిరి. పూర్వవిద్యార్థినులు ప్రతిఘటించిరి, లాభము లేకపోయెను. వూలీ మరల ఆ యావరణమున నడుగు పెట్టలేదు. 1978లో ఎలిజబెత్ కెన్నన్ వచ్చువరకు ఆ పీఠము స్త్రీకి స్థిరముగా దక్కలేదు. లారెల్ దండ మోసిన చేతులకు ధర్మకర్తల సభలో వోట్లు చాలలేదు. ఆచారము వారికి ప్రేమ నిచ్చినది, అధికారమీయలేదు.

వదిన: ఓడిపోయిరి, నిజమే. కాని వారిని పోరాడుటకు కూర్చినదేదో చెప్పుము. దేశమంతట చెదరియున్న స్త్రీలు, ఒకరి ముఖమొకరు చూడనివారు, తమ బడికి జరిగిన అన్యాయమునకు ఒక్కుమ్మడిగా ఎదురు నిలిచిరన్నచో, వారిని ఒకటిగా నుంచినది ఆ దండలు, ఆ రంగులు, ఆ కొండ కాక మరేమి? నలువదియొక్క యేండ్ల పిమ్మటనైనను పీఠము తిరిగి వచ్చినది. ఆ నడుమ తమది స్త్రీల విద్యాలయమను మాటను ఎవరు మరువనిచ్చిరి కారు? 1902లో పట్టము పుచ్చుకొన్న ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అమెరికా మంత్రివర్గమున ప్రవేశించిన మొదటి స్త్రీ. కార్మికులకు పని గంటల పరిమితి, వృద్ధాప్యపు భృతి, ఇవన్నియు ఆమె మంత్రిత్వమున వచ్చినవి. విద్యార్థినిగా నున్నప్పుడు చరిత్ర బోధించిన పంతులమ్మ ఆమెను ప్రక్కయూరి మిల్లులకు పంపి, అచ్చటి స్త్రీలు, పిల్లలు ఎట్లు పని చేయుచున్నారో చూచి వ్రాసికొని రమ్మనినది. నీవును చరిత్ర పంతులమ్మవే.

మరదలు: ఆ మిల్లులకు పంపుట నాకు మిక్కిలి నచ్చినది. అట్టి యాచారమును జాబితాలో పెట్టినచో నేను సంతకము చేయుదును. వదినగారూ, నా మాట యిది. హైదరాబాదు నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారు 1928లో బాలికలకు తెలుగు పాఠశాల నెలకొల్పిరి; ఉర్దూ తప్ప వేరొక భాషకు ప్రభుత్వము పెద్దపీట వేయని రాజ్యములో, ఆడపిల్లలకు తమ యింటి భాషలో చదువు చెప్పుటయే ఆ పాఠశాల యాచారము. దానికి వెండిబిళ్ల యక్కఱలేకపోయినది. మన పాఠశాల యెందుకు పుట్టినదో మొదటి దస్తరములు చూచితిని. వితంతువుల పిల్లలకు, చిన్ననాడే భర్త పోయిన బాలికలకు రుసుము లేకుండ చదువు చెప్పుటకని అందులో వ్రాసియున్నది. ఇప్పుడు అట్టివారెందరు చదువుచున్నారో సంఘములో నెవరును చెప్పలేకపోయిరి. ఏబది యేండ్ల పండుగ చేయవలసినది దీనితో కదా.

వదిన: ఆ మాట సంఘమునకు వ్రాయుము. నేనును వచ్చి చెప్పుదును. దానితోపాటు వంటశాల జట్లను కూడ వ్రాయుము. పంతులమ్మలకును, సంఘసభ్యుల కూతుళ్లకును వంతు తప్పింపవలదు. ఆదాయైన సొమ్ము ఏ బాలిక రుసుమునుండి ఎంత తగ్గినదో నెలనెల గోడపై అంటింపుము.

మరదలు: తప్పులను లేచి చెప్పుకొను పద్ధతిని మాత్రము నేను చచ్చినను వ్రాయను.

వదిన: వ్రాయవలదు. ఆ విషయమున నా యభిప్రాయము మారలేదు గాని, నీ పాఠశాలలో నీ మాటయే చెల్లనిమ్ము.

మరదలు: ఇంకొక చిక్కు గలదు. పిల్లలు అంట్లు తోమినచో, ఇప్పుడు తోముచున్న యిద్దరు స్త్రీలు ఏమగుదురు? న్యూ ఇంగ్లండులో పనివాండ్రు లేకుండ బడి పెట్టినది మేరీ లయన్. మనము ఉన్నవారిని వెడలగొట్టి సమత్వము నేర్చుకొందుమా? వారిలో నొకామె పదునెనిమిదేండ్లుగా మన గిన్నెలు తోముచున్నది.

వదిన: (ఈ ప్రశ్నను తాను తలపోయలేదన్నట్లు కొంచెము తడబడి) వారిని తీసివేయరాదు. వంటశాలలోనే పెద్దపని అప్పగింపవచ్చును; సరుకుల లెక్క, జట్ల పర్యవేక్షణ. అక్షరములు రాకపోయినచో నేర్పవచ్చును. అది బడియే గదా. జీతము తగ్గింపరాదు. అంతవరకు ఆదాయగు సొమ్ము తక్కువయే కావచ్చును, కానిమ్ము.

మరదలు: ఆమెకొక కూతురు గలదు. ఐదవ తరగతితో మానిపించినది. మన బడి గోడ ప్రక్కనే వారి యిల్లు.

వదిన: ఏ వయస్సు?

మరదలు: పండ్రెండు. రేపుదయము వెళ్లి అడిగెదను. ముసాయిదాలో మొదటి పంక్తిగా ఆ పిల్ల ప్రవేశమును వ్రాసెదను, రెండవదిగా రుసుము లేనివారి సంఖ్య, మూడవదిగా వంటశాల. చీరల సంగతి సంఘమువారే చూచుకొందురు.

వదిన: కొండ?

మరదలు: కొండయు వ్రాసెదను. కాని వదినగారూ, మన వైపు చలికాలములోనే యెక్కవలెను. ఆ ముందునాడు ఎవరికిని చెప్పకుండ గంట కొట్టినచో, పిల్లలను పంపుటకు తల్లిదండ్రులు ఒప్పుకొనరు. ముందుగా ఇంటింటికి వెళ్లి వారి యనుమతి వ్రాయించుకొని, దినము మాత్రము చెప్పకుండ నుంచెదను.

వదిన: ఇంటింటికి తిరుగుటకు నేనును వచ్చెదను. ఏ వీధి నుండి మొదలుపెట్టుదము?